జిల్లేళ్లు రెండు... పాలు ఒక్కటే!

రథసప్తమి ముందురోజు సాయంత్రం కాకినాడలో జిల్లేడు చెట్టుకు ఎక్కడలేని గిరాకీ వచ్చేస్తుంది. మిగతా రోజుల్లో అది అక్కడ ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు. రైలు పట్టాల పక్కన, కాలువ గట్ల మీద, ఇల్లు కట్టకుండా వదిలేసిన ఖాళీ స్థలాల్లో, ఉప్పాడ వెళ్లే దారిలో ఇసుక దిబ్బల మీద తన మానాన తను పెరుగుతుంది, పూస్తుంది, కాస్తుంది. నీళ్లు పోసేవాళ్లుండరు, ఎరువు వేసేవాళ్లుండరు. మేక కూడా దాని జోలికి వెళ్లడానికి రెండుసార్లు ఆలోచిస్తుంది. అలాంటి మొక్క చుట్టూ ఆ ఒక్క సాయంత్రం పిల్లలూ పెద్దలూ మూగుతారు. మనిషికి ఏడేసి ఆకుల చొప్పున లెక్కపెట్టుకుని మరీ కోసుకుపోతారు.

కోయడానికి బయల్దేరిన మనవడికి ఇంట్లోని మామ్మగారు ఓ మాట చెప్పే పంపిస్తారు. ‘‘తెల్ల పువ్వులు పూసిన చెట్టు చూసి కొయ్యరా అబ్బాయ్! ఆ ఊదా రంగుది వద్దు.’’ వాడు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, ‘‘తెల్లది ఎక్కడా లేదు మామ్మా, ఉన్నదంతా ఊదాయే’’ అంటాడు. సరేలే, ఏదో ఒకటి అని సర్దుకుపోవడం ఏటా మామూలే.

ఇంతకీ తెల్ల జిల్లేడు, ఊదా జిల్లేడు వేర్వేరు మొక్కలా? చాలామంది అవుననే అనుకుంటారు. కాదు. అవి రెండూ ఒకే జాతి. మరి జిల్లేళ్లలో రెండు జాతులున్నాయంటారే, అది అబద్ధమా? అదీ కాదు. రెండు జాతులున్న మాట నిజమే. కాకపోతే వాటిని విడదీసే గీత పువ్వు రంగులో లేదు. రెక్క నిలబడే తీరులో ఉంది.

రెక్క చూడాలి... రంగు కాదు

వృక్షశాస్త్రంలో మొదటి జిల్లేడు పేరు కేలొట్రోపిస్ గైగాంటియా. రెండోది కేలొట్రోపిస్ ప్రోసెరా. నోరు తిరగడం కష్టం కాబట్టి మొదటిదాన్ని పెద్ద జిల్లేడు, రెండోదాన్ని చిన్న జిల్లేడు అనుకుందాం.

పెద్ద జిల్లేడు పువ్వు కాస్త విశాలంగా ఉంటుంది. అడ్డంగా కొలిస్తే 4 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఐదు రెక్కలూ బాగా విచ్చుకుని, కాస్త మెలి తిరిగి, వెనక్కి వాలిపోతాయి. రెక్కలు వెనక్కి పోవడంతో మధ్యలోని కిరీటం ఒక్కటే నిటారుగా పైకి కనిపిస్తుంది. రంగు లేత ఊదా కావచ్చు, పూర్తి తెలుపు కావచ్చు. వాసన దాదాపు ఉండదు. మొగ్గ కాస్త కోలగా ఉంటుంది.

చిన్న జిల్లేడు పువ్వు అంత పెద్దది కాదు. రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. దీని రెక్కలు వెనక్కి వాలవు. దోసిలి పట్టినట్టు పైకి నిలబడి ఉంటాయి. అడుగున తెలుపు, కొసల్లో ముదురు ఊదా... ఒకే రెక్కలో రెండు రంగులు కనిపిస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యని వాసన తెలుస్తుంది. మొగ్గ గుండ్రంగా ఉంటుంది. కాయ కూడా గాలి ఊదినట్టు ఉబ్బి ఉంటుంది. పెద్ద జిల్లేడు కాయ అంత గుండ్రం కాదు, పడవలా కాస్త వంపు తిరిగి ఉంటుంది.

మరి ఆకు చూసి పోల్చలేమా? కష్టమే. రెండింటి ఆకులూ దళసరిగా, బూడిద చల్లినట్టు ఉంటాయి. రెండూ కాడ లేనట్టే కొమ్మను కరుచుకుని ఎదురెదురుగా పుడతాయి. ఎత్తును బట్టి కూడా కచ్చితంగా చెప్పలేం. పెద్ద జిల్లేడు మూడు నాలుగు మీటర్లు పెరుగుతుంది నిజమే కానీ, మంచి నేల దొరికితే చిన్నదీ తక్కువ తినదు. పూలు లేనప్పుడు ఆకులు మాత్రమే కోసుకొచ్చి ఇది ఫలానా జిల్లేడు అని పందెం కాయడం ఎవరికీ మంచిది కాదు.

నేల విషయంలో మాత్రం రెండింటికీ వేర్వేరు ఇష్టాలున్నాయి. పెద్ద జిల్లేడుకు వానలు బాగా పడే తూర్పు, దక్షిణ ప్రాంతాలు, సముద్ర తీరాలు నచ్చుతాయి. చిన్నదానికి పొడి నేలలు, తక్కువ వానలు కావాలి. రాజస్థాన్ ఎడారిలో రాజ్యమేలేది అదే. కాకినాడ తీరంలో ఎక్కువగా కంటపడేది పెద్ద జిల్లేడు. కాబట్టి మామ్మగారి తెల్ల జిల్లేడూ, మనవడికి దొరికిన ఊదా జిల్లేడూ ఒకే తల్లి పిల్లలు. పెరట్లో ఎర్ర మందారం, తెల్ల మందారం ఉన్నట్టే ఇదీనూ!

పేర్ల తికమక

తెలుపు, ఎరుపు అన్న తేడా ఈనాటిది కాదు. ఆయుర్వేద గ్రంథాలు అర్కాన్ని తెలుపు, ఎరుపు అని రెండుగా విడదీశాయి. ఇప్పటి ఆయుర్వేద ఔషధ కోశం అర్క అంటే చిన్న జిల్లేడు, అంటే ప్రోసెరా అని గుర్తించింది. జనం వాడుకలో మాత్రం పెద్ద జిల్లేడులో తెల్ల పూలు పూసేదే తెల్ల జిల్లేడు. కొన్ని పుస్తకాలేమో ప్రోసెరాకే తెల్ల జిల్లేడు అన్న పేరు రాస్తాయి. చదివేవాళ్ల తల తిరగక ఏం చేస్తుంది!

ఈ తికమక మీద వ్యాపారమూ నడుస్తుంది. తెల్ల జిల్లేడు వేరుతో చేసిన వినాయకుడి ప్రతిమలకు మంచి ధర పలుకుతుంది. తెల్ల పువ్వులు పూసే మొక్క తక్కువగా దొరుకుతుంది కాబట్టే దాని మీద అంత గురి. కానీ పువ్వు రంగు పువ్వులో కనిపించినట్టు వేరులో కనిపించదు. ఎండిన వేరు ముక్కను చేతిలో పెడితే అది తెల్ల పువ్వుల మొక్కదా, ఊదా పువ్వులదా అని కొనుక్కునేవారు తేల్చుకోలేరు. భక్తి ఎవరి ఇష్టం వారిది. మొక్క ఏదన్న ప్రశ్నకు జవాబు మాత్రం పూసినప్పుడే దొరుకుతుంది.

సంస్కృతంలో అర్క అన్న ఒకే మాటకు సూర్యుడనీ, జిల్లేడనీ రెండు అర్థాలున్నాయి. సూర్యుడి పండగకు జిల్లేడాకు తలకెక్కింది అందుకే. కాకినాడకు దగ్గర్లోని గొల్లల మామిడాడలో తుల్యభాగ ఒడ్డున సూర్యనారాయణమూర్తి ఆలయం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు రథసప్తమి పెద్ద పండగ. నవగ్రహ హోమాల్లో సూర్యుడికి వేసే సమిధ కూడా జిల్లేడే. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రుల్లో అర్కపత్రం ఉండనే ఉంది. మూడో పెళ్లి చేసుకోబోయే మగవాడికి దోషం అంటకుండా ముందు జిల్లేడు మొక్కతో తాళి తంతు జరిపించే ఆచారమూ ఒకప్పుడు ఉండేది. పాపం, ఆ దోషమంతా నోరులేని మొక్క నెత్తిన!

సామర్లకోట నుంచి హవాయి దాకా

తెలుగు నేల మీద మొక్కల లెక్క శాస్త్రీయంగా సాగిన చోట్లలో కాకినాడ పక్కనున్న సామర్లకోట ఒకటి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి వచ్చారు. మిరియాల వంటి పంటలు పెంచి చూసేందుకు తోట వేశారు. స్థానిక చిత్రకారుల చేత చుట్టుపక్కల మొక్కల బొమ్మలు గీయించారు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిపోయారు. ఆ బొమ్మల్లోంచి ఏరినవి 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల పేరిట లండన్‌లో పుస్తకాలుగా వెలువడ్డాయి. లాటిన్ పేరు పక్కనే మొక్క తెలుగు పేరు కూడా రాసుకోవడం రాక్స్‌బర్గ్‌కు అలవాటు. ఊరివాళ్లు ఏమని పిలుస్తారో తెలియకుండా మొక్కను తెలుసుకోలేమని ఆయనకు అర్థమైంది.

జిల్లేడుకు కేలొట్రోపిస్ అని పేరు పెట్టింది మాత్రం మరొకరు. పుప్పొడిలోంచి వెలువడిన సూక్ష్మ రేణువులు నీటిలో గంతులు వేయడాన్ని 1827లో సూక్ష్మదర్శినిలో చూసి, బ్రౌనియన్ చలనానికి తన పేరు తెచ్చుకున్న రాబర్ట్ బ్రౌనే ఆయన. కేలోస్ అంటే గ్రీకులో అందమైనది. ట్రోపిస్ అంటే ఓడ అడుగున వెన్నెముకలా పొడవునా సాగే దూలం. పువ్వు మధ్యలోని కిరీటాన్ని జాగ్రత్తగా చూస్తే ఐదు చిన్న పడవలను నిలువుగా నిలబెట్టినట్టు ఉంటుంది. కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టినవారి వంశాల్లోని వాళ్లకు ఆ పోలిక ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

లోకం ఈ రెండు చెల్లెళ్లనూ రెండు రకాలుగా చూసింది. పెద్ద జిల్లేడు హవాయి దీవులకు వెళ్లి కిరీటపు పువ్వు అనిపించుకుంది. ఆ దీవుల చివరి రాణి లిలియొకలానికి అది ఎంతో ఇష్టమైన పువ్వు. అక్కడ దాన్ని దండలు గుచ్చి మెడలో వేస్తారు. థాయిలాండ్‌లో దాని పేరుకు అర్థం ప్రేమపువ్వు. పెళ్లి దండల్లో అది లేకపోతే వెలితే. మన దగ్గర పాడుపడ్డ ఇంటికి గుర్తయిన మొక్క అక్కడ పెళ్లిపందిట్లోకి వెళ్లింది!

చిన్న జిల్లేడు కథ వేరు. ఆఫ్రికా నుంచి భారతదేశం దాకా దానికి పుట్టినిల్లే. అక్కడినుంచి ఆస్ట్రేలియాకు, బ్రెజిల్‌కు చేరింది. ఉత్తర ఆస్ట్రేలియాలో పశువుల బీళ్లను ఆక్రమించి, పీకలేని కలుపు అయి కూర్చుంది. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్, నైజీరియా దేశాల ఫులానీ స్త్రీలు దాని రసంతో పాలు విరగ్గొట్టి జున్నులాంటిది తయారుచేస్తారు. ఎంత వేయాలో, ఎంతసేపు కాచాలో తరతరాలుగా తెలిసిన చేతులు అవి. చదివాం కదా అని మన వంటింట్లో ప్రయత్నించే పని కాదు.

తేడా లేనిది అక్కడే

రెక్క వేరు, కాయ వేరు, వాసన వేరు, ఇష్టపడే నేల వేరు. కానీ ఆకు తుంచితే కారే పాలలో మాత్రం ఈ రెంటికీ తేడా లేదు. తెల్ల పువ్వుదైనా, ఊదా పువ్వుదైనా, చిన్నదైనా, పెద్దదైనా అవి విషపు పాలే. గుండె కొట్టుకునే తీరును తలకిందులు చేసే కెలోట్రోపిన్ వంటి పదార్థాలు అందులో ఉన్నాయి. తెల్లది పవిత్రం కాబట్టి ఏమీ చేయదనుకోవడమే అసలు ప్రమాదం.

మహాభారతం ఆదిపర్వంలో ఉపమన్యుడి కథ ఉంది. ధౌమ్యుడి శిష్యుడు. గురువు తిండికి ఒక్కో దారీ మూసేస్తూ వస్తే, ఆకలికి ఆగలేక అడవిలో జిల్లేడాకులు నమిలి కళ్లు పోగొట్టుకున్నాడు. దారి కనబడక పాడుబావిలో పడ్డాడు. చివరికి అశ్వినీదేవతలను స్తుతించి చూపు తెచ్చుకున్నాడు. కథ సంగతి ఎలా ఉన్నా జిల్లేడుకీ కంటికీ పడదన్న ఎరుక మాత్రం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ కాలపు కంటి డాక్టర్లు చెప్పేదీ అదే. జిల్లేడు పాలు పడి చూపు మసకబారిన కేసులను మన దేశంలోని కంటి వైద్యులు తమ పత్రికల్లో వివరంగా రాశారు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. ఆ పొర లోపలివైపు ఒకే ఒక్క వరస కణాలు కాపలా ఉంటాయి. పొరలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేయడం వాటి పని. అందుకే అది మబ్బు పట్టకుండా స్వచ్ఛంగా ఉంటుంది. జిల్లేడు పాలు పైపొర దాటి లోపలికి ఇంకి, ఆ కాపలా కణాలనే దెబ్బతీస్తాయి. దాంతో కార్నియా నీరుపట్టి ఉబ్బుతుంది, చూపు పొగమంచు కమ్మినట్టవుతుంది. చచ్చిపోయిన ఆ కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. ఉన్నవే సాగి ఆ చోటును కప్పుకోవాలి.

ఇందులో మోసం ఏమిటంటే, చాలాసార్లు నొప్పి ఉండదు. కంట్లో కారం పడితే పిల్లవాడు ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. జిల్లేడు పాలు పడితే అలా అరవకపోవచ్చు. కాసేపటికి ‘‘అమ్మా, సరిగ్గా కనబడట్లేదే’’ అంటాడు. నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా ఆగితే విలువైన సమయం కాస్తా పోతుంది. వెంటనే కడిగి, వెంటనే డాక్టరుకు చూపిస్తే చాలామందికి చూపు మళ్లీ కుదుటపడుతుంది.

ప్రమాదం ఎక్కువగా జరిగేది ఎలా? ఆకులు కోసిన చేత్తో కళ్లు నులుముకోవడం వల్ల. మొగ్గలు నొక్కి టప్పుమనిపించే ఆటలో చుక్క ఎగిరిపడటం వల్ల. కాలిలో ముల్లు దిగిందనో, పులిపిరికాయ రాలాలనో పాలు పిండుతున్నప్పుడు చింది పడటం వల్ల. పండగనాడు అప్పుడే కోసిన ఆకు తల మీద పెట్టి నీళ్లు పోస్తే పాలు కలిసిన నీళ్లు నేరుగా కళ్లలోకి జారతాయి.

అలాగని పండగ మానుకోనక్కర్లేదు. కొన్ని జాగ్రత్తలు చాలు. ఆకులు పెద్దవాళ్లే కోయాలి. రాత్రే కోసి, తుంచిన చివరలు కిందికి ఉండేలా పెట్టి పాలు పూర్తిగా కారనివ్వాలి. పొద్దున్నే ఆకులను బాగా కడిగి తుడిచి వాడాలి. కోసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కునేదాకా మొహం ముట్టుకోకూడదు. తల మీద నీళ్లు పోసేటప్పుడు పిల్లల్ని కళ్లు గట్టిగా మూసుకోమనాలి.

ఒకవేళ పాలు కంట్లో పడనే పడితే నులమకూడదు. రెప్పలు విడదీసి పట్టుకుని, శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆముదం, చనుబాలు, పసరు వంటి ఇంటి వైద్యాలేవీ వేయకూడదు. ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కల మందూ వద్దు. కడిగిన వెంటనే, నొప్పి ఉన్నా లేకపోయినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పడింది జిల్లేడు పాలేనని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఏ రంగు జిల్లేడో చెప్పకపోయినా ఫర్వాలేదు.

విషమే అన్నం

జిల్లేడును విషమని లోకమంతా దూరం పెడితే, దాన్నే అన్నం చేసుకున్న జీవులూ ఉన్నాయి. నారింజ రంగు రెక్కలకు నల్లటి అంచు, ఆ నలుపులో తెల్ల చుక్కలతో తీరిగ్గా ఎగిరే సీతాకోకచిలుక తెలుసు కదా. ప్లెయిన్ టైగర్ అంటారు. అది వెతుక్కుంటూ వచ్చి జిల్లేడాకు మీదే గుడ్డు పెడుతుంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో కనిపించే గొంగళిపురుగు ఆ ఆకునే తిని, విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. పెద్దయ్యాక ఆ సీతాకోకను రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. అందుకే దానికంత తీరిక! విషం లేని మరో జాతి సీతాకోకలో ఆడది అచ్చం ఇదే వేషం వేసుకుని బతికేస్తుంది.

పువ్వు దగ్గరికి వచ్చే చుట్టం నల్లటి గండుతుమ్మెద. తేనె తాగుతూ ఉండగా దాని కాలు పువ్వు మధ్యలోని సన్నటి చీలికలోకి జారుతుంది. కాలు పైకి లాగితే రెండు పసుపు రంగు పుప్పొడి సంచులు క్లిప్పు పెట్టినట్టు దానికి తగులుకుని వస్తాయి. మరో పువ్వు మీద వాలినప్పుడు అవి అక్కడి చీలికలో ఇరుక్కుంటాయి. అలా పని పూర్తయ్యాకే కాయ కాస్తుంది. కాయ పగిలితే పట్టులాంటి దూది గొడుగులు వేసుకుని గింజలు గాలిలో బయల్దేరతాయి. అందుకే జిల్లేడును ఎవరూ నాటకపోయినా ఏ ఊరికీ లోటు రాదు.

ఈసారి ఉప్పాడ దారిలోనో, రైలుకట్ట పక్కనో జిల్లేడు పూసి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. రెక్కలు వెనక్కి వాలి ఉన్నాయా, పైకి నిలబడ్డాయా? అంతవరకూ పిల్లలకు చూపించండి, వాళ్లచేతే చెప్పించండి. చూడటానికి కళ్లు చాలు, చేయి వేయనక్కర్లేదు. ఆ కళ్లను కాపాడుకునే పద్ధతి కూడా అదే!